పొలములోని సూక్ష్మజీవులు – చేతిలోని కొలత పరికరములు

వేరుశనగ పండించు రైతులకు మొదలుకుళ్ళు తెగులు కొత్తది కాదు. విత్తిన కొద్ది దినములకే లేత మొక్క మొదలు మెత్తబడి, నల్లని బూజు పట్టి, మొక్క వాలి చచ్చిపోవును. ఉల్లిగడ్డలు నిలువచేయు రైతులకు కూడ ఈ బూజు పరిచయమైనదే. గడ్డ పైపొరల మీద మసి రాసినట్లు కనబడునది ఇదియే. దీని శాస్త్రీయ నామము ఆస్పర్జిల్లస్ నైగర్. దీని బెడద తప్పించుకొనుటకే విత్తనశుద్ధి చేయుచున్నాము. ఉల్లిని గాలి ఆడు కొట్టములలో ఆరబెట్టుచున్నాము.

అయితే ఇదే బూజు మరియొక రూపములో మన ఇండ్లలోనికి వచ్చియున్నది. చక్కెరవ్యాధి ఉన్నవారు వ్రేలికి సూది పొడిచి, ఒక చుక్క రక్తమును చిన్న పట్టీకి తాకించి, మీటరులో అంకె చూచుకొనుట నేడు పల్లెలలో సైతము కనబడుచున్నది. ఆ పట్టీ చివర కంటికి ఆనని పలుచని పొరగా ఎండబెట్టి ఉంచిన పదార్థము, అనేక రకముల పట్టీలలో, ఈ నల్లబూజు జాతి తయారుచేయు ఎంజైమే. అట్లే వరిమడి నీటిలో పెరుగు ఒక బాక్టీరియా ఎంజైముతో పురుగుమందును కొలుచు పట్టీలను కూడ శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. ఈ పరికరములు ఎట్లు పనిచేయునో, ఎక్కడ మోసపోవునో రైతులు తెలిసికొనుట అవసరము. ఏలయనగా ఈ మీటరు చూపు అంకెను నమ్మి మందు వేసికొనువారు మనలో చాలమంది గలరు.

ఎంజైము అనగానేమి?

రాగులను నానబెట్టి మొలకెత్తించినచో తియ్యబడుట అందరు ఎరిగినదే. గింజలోని పిండిని చక్కెరగా మార్చు ఒక పదార్థము మొలకలో పుట్టును. అదియే ఎంజైము. ప్రతి జీవియు తన పనులకు కావలసిన ఎంజైములను తానే చేసికొనును. ఇవి మాంసకృత్తుల జాతికి చెందినవి. తాము ఖర్చు కాకుండ ఒక రసాయనమును మరియొక రసాయనముగా మార్చుట వీని పని.

ఎంజైముల గొప్పతనము వాని ఎంపికలో ఉన్నది. ఒక తాళమునకు ఒకే చెవి పట్టినట్లు, ఒక్కొక్క ఎంజైము సాధారణముగా ఒక పదార్థమునుగాని, దానిని పోలిన కొన్నింటినిగాని మాత్రమే పట్టుకొనును. రక్తములో ఉప్పులు, క్రొవ్వులు, మాంసకృత్తులు మొదలగునవి ఎన్నియో కలసియుండును. వాని నడుమ గ్లూకోజు అను చక్కెరను మాత్రము ఏరి పట్టుట మామూలు రసాయనములకు కష్టము, ఎంజైమునకు సులభము.

నల్లబూజులో దొరికిన ఎంజైము

1928వ సంవత్సరములో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు డెట్లెవ్ మ్యూలర్ ఈ నల్లబూజు రసములో ఒక ఎంజైమును కనుగొనెను. అది గాలిలోని ఆక్సిజన్ సహాయమున గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లముగా మార్చును. ఆ మార్పులో హైడ్రోజన్ పెరాక్సైడు కూడ పుట్టును. దీనికి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అని పేరు. హైడ్రోజన్ పెరాక్సైడు ఇతర సూక్ష్మజీవులను చంపగలదు. కావున తన ఆహారము మీదికి మరియొక జీవి రాకుండ కాచుకొనుటకు ఈ ఎంజైము బూజునకు తోడ్పడునని తలచుచున్నారు.

దీనిని కొలత పరికరముగా మార్చిన ఘనత అమెరికా శాస్త్రజ్ఞుడు లీలాండ్ క్లార్కునకు దక్కినది. రక్తములోని ఆక్సిజన్‌ను విద్యుత్తు ద్వారా కొలుచు ఎలక్ట్రోడును ఆయన 1956లో ప్రకటించెను. 1962లో ఆయన, చాంప్ లయన్స్ కలసి మరియొక అడుగు వేసిరి. ఎలక్ట్రోడు ముందు పలుచని పొర నడుమ గ్లూకోజ్ ఆక్సిడేజును నిలిపిరి. గ్లూకోజు ఎంత ఎక్కువగా ఉన్న అంత ఎక్కువ ఆక్సిజన్ ఖర్చగును. ఆ తగ్గుదలను విద్యుత్తు చెప్పును. 1967లో అప్డైక్, హిక్స్ అను శాస్త్రజ్ఞులు ఎంజైమును జెల్ పదార్థములో బంధించి, ఒకే ఎలక్ట్రోడును మరల మరల వాడవచ్చునని చూపిరి. 1975లో ఈ పద్ధతి మీద పనిచేయు యంత్రము ప్రయోగశాలల కొరకు అమ్మకమునకు వచ్చినది.

ఆ యంత్రము బల్లమీద ఉంచదగినదే గాని జేబులో పెట్టుకొనదగినది కాదు. పైగా రక్తములోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులు కొలతను చెరచుచుండెను. 1984లో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు, ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఆక్సిజన్‌కు బదులు ఫెర్రోసీన్ అను ఇనుము కలిసిన రసాయనమును వాడిరి. రేవులో పడవవాడు ఈ గట్టున మనుష్యులను ఎక్కించుకొని ఆ గట్టున దింపినట్లు, ఈ రసాయనము ఎంజైము వద్ద ఎలక్ట్రానులను అందుకొని ఎలక్ట్రోడు మీద దింపును. 1987లో ఈ సూత్రముపై కలము పరిమాణము గల మీటరు అంగడికి వచ్చినది. నేటి మీటర్లకు త్రోవ చూపినది అదియే.

పట్టీలో జరుగునదేమి?

పట్టీ మీద కర్బనము మొదలగు వానితో అచ్చువేసిన సన్నని గీతలే ఎలక్ట్రోడులు. వాని చివర ఎంజైమును, పడవవాని పని చేయు రసాయనమును కలిపి ఎండబెట్టుదురు. రక్తము తగులగానే ఆ పొర నానును. ఎంజైము గ్లూకోజు నుండి ఎలక్ట్రానులను తీసికొనును. మీటరు కొద్దిపాటి విద్యుత్ పీడనము ఇచ్చి వానిని లాగుకొనును. గ్లూకోజు ఎంత ఉన్న అంత విద్యుత్తు పారును. మీటరు దానిని లెక్కగట్టి డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చూపును. ఇది అంతయు కొద్ది సెకనులలో ముగియును.

మీటరు అంకె వెంట్రుకవాసి తేడా లేనిదని అనుకొనరాదు. అంతర్జాతీయ ప్రమాణము ఐఎస్‌ఓ 15197 (2013) ప్రకారము, గ్లూకోజు 100 మిల్లీగ్రాములు లేక అంతకు మించి ఉన్నప్పుడు నూటికి 95 కొలతలు అసలు విలువకు 15 శాతము ఇటునటుగా ఉన్న చాలును. అనగా అసలు విలువ 200 అయినచో, మంచి మీటరు 170 నుండి 230 లోపల ఏది చూపినను తప్పు పట్టరాదు. ఉదయము 182, మరునాడు 190 వచ్చినదని ఎవరును కంగారుపడి తమంత తాము మందు మార్చుకొనరాదు.

పండ్ల చేతులు – తప్పుడు అంకె

ఒక బత్తాయి రైతు తోటలో కాయలు ఏరి, ఒకటి రెండు ఒలిచి తిని, చేతులు తువాలుతో తుడుచుకొని మీటరు చూచుకొనెననుకొందము. అసలు రక్తములో 140 ఉన్నను మీటరు 280 చూపవచ్చును. ఇందులో మీటరు తప్పు లేదు, ఎంజైము తప్పు లేదు. వ్రేలి మీది పండ్లరసములోని గ్లూకోజు రక్తపు చుక్కలో కలసినది. ఎంజైమునకు రక్తపు గ్లూకోజు, పండు గ్లూకోజు అను తేడా తెలియదు.

ఇది ఎంత సులభముగా జరుగునో ఒక లెక్క చూడుడు. పట్టీ తీసికొను రక్తము సుమారు ఒక మైక్రోలీటరు, లేక అంతకు తక్కువ. మైక్రోలీటరు అనగా లీటరులో పదిలక్షవ వంతు. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజు గల రక్తములో, ఒక మైక్రోలీటరునందు ఉండు గ్లూకోజు ఒక మైక్రోగ్రాము మాత్రమే. వ్రేలిపై ఎండిన పండ్లరసములో అంతకు ఎన్నో రెట్లు ఉండును. ద్రాక్ష, బత్తాయి, అరటి, మామిడి, తేనె – ఏది అంటినను ఇంతే. బెల్లములో అధికభాగము చెరకు చక్కెరయే గనుక దానిని ఈ ఎంజైము పట్టుకొనదు. కాని బెల్లము వండునప్పుడు కొంత చెరకు చక్కెర విడిపోయి గ్లూకోజు పుట్టును. కావున గానుగ వద్ద పనిచేయువారు కూడ జాగ్రత్తపడవలెను.

తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువ వేసికొన్నవారికి రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమటలు, వణకు, తడబాటు, తుదకు స్పృహ తప్పుట సంభవించును. ఒంటరిగా మోటారు షెడ్డులోనో, ట్రాక్టరు మీదనో ఉన్న మనిషికి ఇది ప్రాణాపాయము. స్పిరిటు దూదితో తుడిచినంత మాత్రమున రసము పూర్తిగా పోదు. సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడుచుకొనుటయే సరియైన పద్ధతి.

బాక్టీరియా ఎంజైము నేర్పిన గుణపాఠము

ఆక్సిజన్ బాధ పూర్తిగా తప్పవలెనని కొన్ని కంపెనీలు మరియొక త్రోవ త్రొక్కినవి. అసినెటోబాక్టర్ కాల్కోఅసెటికస్ అను బాక్టీరియా నుండి గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైమును పట్టీలలో వాడినవి. అది చురుకైనది, ఆక్సిజన్‌తో దానికి పని లేదు. కాని దాని ఎంపిక అంత గట్టిది కాదు. గ్లూకోజునే కాక మాల్టోజు అను మరియొక చక్కెరను కూడ అది పట్టుకొనును.

ఆరోగ్యవంతుల రక్తములో మాల్టోజు చెప్పుకొనదగినంత ఉండదు. కాని మూత్రపిండములు చెడి, పొట్టలో ద్రవము నింపి శుద్ధిచేయు చికిత్స పొందువారిలో కొందరికి ఐకోడెక్స్ట్రిన్ అను పదార్థము వాడుదురు. అది శరీరములో మాల్టోజుగా మారును. అట్టివారి రక్తమును ఈ పట్టీతో చూచినప్పుడు, అసలు గ్లూకోజు తక్కువగా ఉన్నను మీటరు ఎక్కువ చూపినది. దానిని నమ్మి ఇన్సులిన్ ఇచ్చిరి. 1997 నుండి 2009 వరకు ఇట్టి కొలతలతో సంబంధము గల 13 మరణములు తమ దృష్టికి వచ్చినవని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2009 ఆగస్టులో హెచ్చరిక ప్రకటించినది.

ఆ పిదప ఎంజైము ఎంపికపై శ్రద్ధ పెరిగినది. ఆస్పర్జిల్లస్ జాతి బూజుల నుండి లభించు మరియొక రకము గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ ఎక్కువగా వాడుకకు వచ్చినది. అది ఆక్సిజన్‌ను ఆశ్రయించదు, మాల్టోజును కూడ దాదాపు పట్టుకొనదు. అయితే జైలోజు అను చక్కెరను కొంత పట్టుకొనును. దోషము లేని ఎంజైము లేదు. దాని దోషమేదో ముందు తెలిసియుండుటయే రక్షణ.

వరిమడిలో దొరికిన మరియొక ఎంజైము

ఇప్పుడు పొలములోని విషయమునకు వత్తము. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మడులలో డయాజినాన్ అను పురుగుమందు వాడుచుండిరి. ఒకే మడిలో మరల మరల వాడగా, మందు త్వరత్వరగా విరిగిపోవుచుండెను. కారణము వెదకగా, ఆ మడి నీటిలో మందును విరుగగొట్టు బాక్టీరియా వృద్ధియైనట్లు తేలినది. భారతీయ శాస్త్రజ్ఞుడు ఎన్. సేతునాథన్, జపాను శాస్త్రజ్ఞుడు యోషిడా 1973లో ఈ ఫ్లావోబాక్టీరియమును గురించి ప్రకటించిరి. సేతునాథన్ తరువాత కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో పనిచేసిరి.

ఈ కథకు మన నేలతో కూడ సంబంధమున్నది. అనంతపురము జిల్లా సాగుభూముల మట్టి నుండి ఇట్టి పని చేయు మరియొక ఫ్లావోబాక్టీరియమును వేరుచేసి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిరి. ఫిలిప్పీన్స్ బాక్టీరియాలోను, అమెరికాలో దొరికిన మరియొక బాక్టీరియాలోను, అనంతపురము బాక్టీరియాలోను ఈ ఎంజైమును తయారుచేయు జన్యువు ఒకటేనని తరువాతి పరిశోధనలలో తెలిసినది. వేల మైళ్ళ దూరములో, వేరువేరు నేలలలో, ఒకే పనిముట్టు ఉండుట విశేషము.

ఈ ఎంజైమును ఆర్గానోఫాస్ఫరస్ హైడ్రోలేజ్ అందురు. ఇది పారాథియాన్ వంటి భాస్వరపు పురుగుమందులను నీటి సహాయమున రెండుగా విరుచును. విరిగినప్పుడు కొంత ఆమ్లత్వము, పారా నైట్రోఫినాల్ అను పసుపురంగు పదార్థము పుట్టును. ఆమ్లత్వమును ఒక ఎలక్ట్రోడుతోను, నైట్రోఫినాల్‌ను మరియొక ఎలక్ట్రోడుతోను కొలువవచ్చును. అమెరికాలోని రివర్‌సైడ్ విశ్వవిద్యాలయమునకు చెందిన అశోక్ ముల్చందానీ బృందము 1999లో ఈ రెండు విధములను చూపినది. అందులో ఒకటి షుగరు పట్టీవలె అచ్చువేసిన పట్టీయే.

ఇది మన చేతికి ఎందుకు రాలేదు?

షుగరు మీటరు అంగడిలో దొరకుచుండగా, మందుల అవశేషములను కొలుచు ఇట్టి మీటరు ఊరి దుకాణములలో ఎందుకు లేదని రైతులు అడుగవచ్చును. కారణములు మూడు.

మొదటిది పరిమాణము. రక్తములో గ్లూకోజు లీటరుకు సుమారు ఒక గ్రాము ఉండును. త్రాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణము ఐఎస్ 10500 (2012) ప్రకారము మిథైల్ పారాథియాన్ లీటరుకు 0.3 మైక్రోగ్రాములు మించరాదు. అనగా గ్లూకోజుకంటె సుమారు 33 లక్షల రెట్లు తక్కువ పరిమాణమును పట్టవలెను. 1999 నాటి పట్టీ పట్టగలిగిన కనీస పరిమాణము సుమారు 18 మైక్రోగ్రాములు. ఇది అనుమతించిన పరిమితికి 60 రెట్లు. అట్టి పట్టీ ఏమియు చూపనంత మాత్రమున నీరు మంచిదని చెప్పుటకు వీలులేదు.

రెండవది ఎంపిక. ఈ ఎంజైము పారాథియాన్ జాతిని చక్కగా పట్టుకొనును. కాని మిథైల్ పారాథియాన్‌ను మన దేశములో 2018లో నిషేధించిరి. క్లోరిపైరిఫాస్‌ను ఈ ఎంజైము, తనకు మిక్కిలి ఇష్టమైన పారాక్సాన్ కంటె సుమారు వేయి రెట్లు నెమ్మదిగా విరుచును. భాస్వరపు జాతికి చెందని కార్బమేటులను, సింథటిక్ పైరిథ్రాయిడులను ఇది అసలే ఎరుగదు. మనము ఒక పంట మీద నాలుగైదు రకముల మందులు కొట్టుచుందుము. ఒకే చెవితో అన్ని తాళములు తెరువబడవు. శాస్త్రజ్ఞులు ఎంజైము రూపును మార్చి క్లోరిపైరిఫాస్‌ను త్వరగా విరుచు రకములను సాధించిరి గాని, వానితో ఊరూర వాడదగిన మీటరు ఇంకను రాలేదు.

మూడవది నమూనా. ఆకులోను, కాయ తొక్కలోను ఇంకిన మందు నీటిలోనికి దానంతట అది రాదు. ద్రావకములతో బయటికి తీసి శుద్ధిచేయవలెను. ఇది ప్రయోగశాల పని.

రైతులు పాటించవలసిన విషయములు

1. షుగరు పరీక్షకు ముందు సబ్బు, నీటితో చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకొనవలెను. పండ్లు, తేనె, బెల్లము ముట్టుకొన్నప్పుడు ఇది తప్పనిసరి.

2. పట్టీల డబ్బా మూత వెంటనే బిగించవలెను. తేమ తగిలిన ఎంజైము పాడగును. డబ్బాను ఎండలోగాని, మోటారు సైకిలు పెట్టెలోగాని ఉంచరాదు. గడువు తీరిన పట్టీలను వాడరాదు.

3. రక్తహీనత ఉన్నవారిలో అనేక మీటర్లు అసలు కంటె ఎక్కువ చూపును. కూలిపనికి పోవు స్త్రీలలో రక్తహీనత సామాన్యము గనుక, ఈ సంగతి డాక్టరుకు చెప్పవలెను.

4. అంకె మీ ఒంటి స్థితికి పొసగనప్పుడు, చేతులు కడిగి కొత్త పట్టీతో మరల చూడవలెను. చెమటలు, వణకు ఉన్నప్పుడు మీటరు ఎక్కువ చూపినను నమ్మి ఇన్సులిన్ వేసికొనరాదు. వెంటనే వైద్యసహాయము పొందవలెను.

5. మూత్రపిండముల చికిత్స పొందువారు తమ పట్టీలో ఏ ఎంజైము ఉన్నదో డాక్టరుకు చూపి అడుగవలెను. ఆ సంగతి పట్టీల పెట్టెలోని కాగితము మీద అచ్చువేసి ఉండును.

6. పురుగుమందు కొట్టిన తరువాత కోతకు ఎన్ని దినములు ఆగవలెనో డబ్బా మీది కాగితములో ఉండును. దానిని తప్పక పాటించవలెను. ఏ మీటరును దానికి బదులు కాజాలదు.

7. మందు కొట్టునప్పుడు ఒంటినిండ బట్ట, చేతితొడుగులు, ముక్కుకు మూతికి రక్షణ ఉండవలెను. మితిమించిన చెమట, నోట నురుగు, వాంతులు, కండరముల అదురు, కనుపాపలు సన్నబడుట కనిపించినచో వెంటనే బట్టలు విప్పించి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతోసహా ఆసుపత్రికి చేర్చవలెను. 108కి ఫోను చేయవచ్చును.

పంటను చెరచు నల్లబూజు మనిషి ప్రాణమునకు కాపలా కాయుచున్నది. విషము కొట్టిన మడిలోనే ఆ విషమును విరుచు ఎంజైము పుట్టినది. వీనిని పనిముట్లుగా మలచిన శాస్త్రజ్ఞుల కృషి ప్రశంసనీయము. కాని పనిముట్టు ఏదైనను దాని హద్దు తెలిసి వాడినప్పుడే మేలు చేయును. మీటరు అంకె చూచునప్పుడు, ఆ అంకె చెప్పినది ఏ ఎంజైము, అది ఏమి ఎరుగును, ఏమి ఎరుగదు అని ఒక్క క్షణము ఆలోచించవలెను. షుగరు విషయములో సందేహములున్న డాక్టరును, పురుగుమందుల విషయములో మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి తెలిసికొనగలరు.